విలియం కేరీ – శ్రీరాంపూరు కళాశాల

విలియం కేరీ 1761లో ఇంగ్లండునందలి పాలర్స్‌పరీ గ్రామమున ఒక నేతపనివాని ఇంట జన్మించెను. పాదరక్షలు కుట్టి జీవించుచునే, చాలవరకు స్వయంకృషిచే లాటిను, గ్రీకు, హీబ్రూ భాషల నభ్యసించెను. 1793లో మతప్రచారకుడై వంగదేశమునకు వచ్చెను. ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలో మతప్రచారమునకు సమ్మతింపకుండుటచే, 1800లో డేనుల పాలననున్న శ్రీరాంపూరు చేరి, మార్ష్‌మన్, వార్డులతో కూడి ముద్రణాలయమును నడపెను. 1801లో కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో బోధకుడై, జీతమున అధికభాగమును శ్రీరాంపూరు కార్యములకే వెచ్చించెను.

1812 మార్చిలో ముద్రణాలయము దగ్ధమయ్యెను. నశించిన వ్రాతప్రతులలో తెలుగు వ్యాకరణమునకు సంబంధించినవియు గలవు. అయినను కేరీ వెనుదీయక, 1814లో ఆ వ్యాకరణమును ప్రకటించెను. తెలుగు ఇంచుమించుగా సంస్కృతపదమయమని అతడు తన సంస్కృత వ్యాకరణపు పీఠికలో అభిప్రాయపడియుండెను. 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన వ్యాసమున ఎల్లిస్ ఈ మతమును ఖండించి, తెలుగు సంస్కృతజన్యము కాదని నిరూపించెను. భాషల పుట్టుక విషయమున కేరీ పొరబడెను. అయినను, ఈ దేశపు భాషలు ఉన్నతవిద్యకు చాలినవను అతని విశ్వాసము పొరపాటు కాదు.

ఆ విశ్వాసమునకు రూపమే 1818లో ఆ మువ్వురు స్థాపించిన శ్రీరాంపూరు కళాశాల. క్రైస్తవ బోధకులను సిద్ధపరచుట దాని ముఖ్యోద్దేశములలో నొకటి. అయినను మొదట చేరిన 37 మంది విద్యార్థులలో హిందువులును గలరు. కులమతములు ప్రవేశమునకు అడ్డుకాలేదు. సంస్కృతమును, దేశభాషను పునాదిగా గొని, వానిపై పాశ్చాత్యశాస్త్రములను నిలుపుట వారి సంకల్పము. 1827లో డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ ఆ కళాశాలకు పట్టప్రదానాధికారము నొసగెను.

కాని కష్టములు వెంబడించెను. వార్డు 1823లో మరణించెను. 1827లో ఇంగ్లండునందలి మాతృసంఘముతో సంబంధము తెగెను. 1830 మొదలు కలకత్తా వర్తకసంస్థలు కూలుటచే నిధులు క్షీణించెను. 1834 జూన్ 9న కేరీ కన్నుమూసెను. మరుసటి యేడే ప్రభుత్వము విద్యాధనమును ఆంగ్లవిద్యకే వినియోగింప నిశ్చయించెను. దేశభాషల ద్వారమున శాస్త్రవిద్య నేర్పు మార్గము మరుగున పడెను.

రాజు దయచేసిన పట్టప్రదానాధికారము 1915లోగాని వినియోగమునకు రాలేదు. అదియు దైవశాస్త్రమున మాత్రమే. కళాశాల నిలిచినది, దాని ఆదిసంకల్పము నిలువలేదు. కేరీ వ్యాకరణములను తరువాతివారు దాటిపోయిరి. అతని కళాశాల లేవదీసిన ప్రశ్నకు మాత్రము మన విశ్వవిద్యాలయములు నేటికిని సమాధానము చెప్పవలసియే యున్నవి.