సముద్రపక్షుల చరిత్రకారుడు మార్టిన్ మార్టిన్

స్కాట్లండునకు పడమట, హెబ్రిడీస్ దీవులకు ఆవల సుమారు 40 మైళ్ల దూరమున సెయింట్ కిల్డా యను ద్వీపసమూహము కలదు. స్కై ద్వీపవాసియగు మార్టిన్ మార్టిన్ 1697 వేసవిలో చిన్న పడవపై, తుపానుకు వెరవక, అచ్చటికి చేరెను.

నాడు అచ్చట సుమారు 180 మంది నివసించుచుండిరి. ఆయన మాతృభాషయగు గేలిక్ వారి భాషయే గనుక దుబాసి యక్కర లేకపోయెను. మూడు వారములు ఆయన వారు తినునది తినుచు, చెప్పునది వినుచు గడపెను. సముద్రపక్షులే వారికి జీవనాధారము. మాంసమును గ్రుడ్లును ఆహారము. ఫుల్మర్ పక్షి నూనె ఔషధము. నిట్టనిలువు కొండచరియలపై పక్షులను పట్టుటకు ద్వీపమంతటికి మూడే త్రాళ్లుండెను. అవి ఉమ్మడి సొత్తు. ఏ పక్షి ఎప్పుడు వచ్చునో, ఎన్ని గ్రుడ్లు పెట్టునో అక్షరజ్ఞానము లేని ఆ జనులకు కంఠస్థము. మార్టిన్ దానిని 1698లో గ్రంథముగ ప్రకటించెను.

అందు గ్రేట్ ఆక్ అను పక్షి వృత్తాంతము కలదు. అచ్చటి పక్షులన్నిటిలో అది పెద్దది; నిటారుగ నిలుచును, ఎగురజాలదు. మే నెలలో వచ్చి జూన్ నడుమ వెడలిపోవును. వట్టి రాతిపై ఒకే గ్రుడ్డు పెట్టును. దానిని తీసికొన్నచో ఆ యేడు మరల పెట్టదు.

మార్టిన్ పిమ్మట వైద్యుడై, 1718లో లండనున మరణించెను. ఎగురలేని ఆ పక్షిని వేటగాండ్రు సులభముగ చంపిరి. 1844లో ఐస్లాండు సమీపమున కడపటి జంట హతమయ్యెను. 1930లో మిగిలిన 36 మంది ప్రజలును సెయింట్ కిల్డాను విడిచిరి. పక్షియు లేదు, దాని నెరిగిన జనమును లేదు. పామరుల మాట యని త్రోసివేయక ఆయన వ్రాసికొన్నందుననే ఆ జ్ఞానము నేటికి దక్కినది.