పారిజాతం రేకులు లెక్కపెట్టించిన మాస్టారు

1964 డిసెంబరులో కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి భువనేశ్వర్ నుంచి ఒక భౌతికకాయం వచ్చింది. వైద్య విద్యార్థుల చదువుకు ఉపయోగపడాలని దాన్ని రాసిచ్చిన మనిషి పుట్టింది ఇంగ్లండులో, చనిపోయింది భారత పౌరుడిగా. పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని మెండెల్ జన్యు సూత్రాలతో గణితం ద్వారా కలిపిన ముగ్గురిలో ఒకరు. మిగతా ఇద్దరు ఫిషర్, సూయల్ రైట్. అంతటి మనిషి జీవితంలో చివరి ఏడేళ్లూ మన దేశంలో ఏం చేశారంటే, కుర్రాళ్ల చేత పూల రేకులు లెక్కపెట్టించారు.

ఆ అలవాటు చిన్నప్పుడే పట్టుబడింది. హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లోని విషవాయువుల మీద పనిచేసేవారు. కొడుకును కూడా గనిలోకి తీసుకెళ్లేవారు. ఒకసారి మీథేన్ పేరుకున్న చోట నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలోని మార్క్ ఆంటోనీ ప్రసంగం అప్పజెప్పమన్నారు. నాలుగు ముక్కలు చెప్పేసరికి పిల్లవాడికి ఆయాసం వచ్చింది, కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. నేల దగ్గర గాలి బాగానే ఉంది. మీథేన్ గాలికన్నా తేలిక, పైన చేరుతుంది అనే పాఠం ఆ పిల్లవాడు ఇక మర్చిపోయే ప్రశ్నే లేదు. ఈ రోజుల్లో ఏ తండ్రయినా ఇలా చేస్తే పోలీసు కేసు అవుతుంది, అది వేరే సంగతి.

తర్వాత పాఠం ఇంటి పెరట్లోనే. చెల్లెలు నవోమీ గినీపందులు పెంచేది. ఏ రంగు తల్లిదండ్రులకు ఏ రంగు పిల్లలు పుడుతున్నాయో అన్నాచెల్లెళ్లిద్దరూ రాసుకోవడం మొదలుపెట్టారు. అది ఎలుకల దాకా వెళ్లింది. స్ప్రంట్ అనే మిత్రుడితో కలిసి ముగ్గురూ రాసిన పరిశోధనా పత్రం 1915లో అచ్చయింది. కొన్ని జన్యువులు జంటగానే సంక్రమిస్తాయని క్షీరదాల్లో చూపించిన తొలి పని అది. అచ్చయ్యే సమయానికి హాల్డేన్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్నారు. స్ప్రంట్ ఆ యుద్ధంలోనే పోయాడు.

విచిత్రం ఏమిటంటే హాల్డేన్‌కు సైన్స్ డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది గణితం, ఆపైన గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్వశాస్త్రం. ఆ చదువుతోనే కేంబ్రిడ్జిలో బయోకెమిస్ట్రీ చెప్పారు, లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్ర ఆచార్యుడయ్యారు. ప్రయోగానికి జంతువు దొరక్కపోతే తన ఒళ్లే ఇచ్చేవారు. రక్తంలో ఆమ్లత్వం పెరిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమ్మోనియం క్లోరైడ్ తాగారు. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయాక, లోపల చిక్కుకున్నవాళ్ల శరీరానికి ఏం జరుగుతుందో చూడటానికి స్టీలు గదిలో కూర్చుని ఒత్తిడి పెంచుకున్నారు. ఆ ప్రయోగాల్లో వచ్చిన మూర్ఛల్లో వెన్నుపూసలు నలిగి, జీవితాంతం నొప్పి మిగిలింది.

ఆయనలో మచ్చలూ ఉన్నాయి. కమ్యూనిస్టు పార్టీ మీద అభిమానంతో, సోవియట్ యూనియన్‌లో లైసెంకో జన్యుశాస్త్రాన్ని తొక్కేస్తుంటే గట్టిగా ఖండించాల్సిన సమయంలో మెత్తగా మాట్లాడారు. ఇతరుల పొరపాటును క్షణం కూడా సహించని మనిషి అక్కడ మాత్రం ఏళ్ల తరబడి సహించారు. చివరికి పార్టీకి దూరమయ్యారు.

1956లో బ్రిటన్ సూయెజ్ మీద దాడికి దిగడం ఆయనకు అసహ్యం పుట్టించింది. 1957 జులైలో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. పిలిచింది ఆ సంస్థ అధిపతి ప్రశాంత చంద్ర మహలనోబిస్.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. భారీ పరిశ్రమలతోనే దేశం బాగుపడుతుందన్న రెండో పంచవర్ష ప్రణాళికకు రూపమిచ్చింది ఈ మహలనోబిసే. భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలు ఆ కాలపు కలలు. సోవియట్ సాయంతో కట్టిన భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. తెలుగు జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు ఆ కొలిమి వెలుగు చూసుకుని రైలెక్కాయి. సైన్స్ అంటే పెద్ద యంత్రం, పెద్ద బడ్జెట్, విదేశీ నిపుణుడు అన్న భావన జనంలో బలపడింది కూడా అప్పుడే. ఆ ప్రణాళిక రచయిత సొంత సంస్థలోనే, పంచె కట్టుకుని తిరిగే ఒక విదేశీ నిపుణుడు సైన్స్‌కు కాగితం, పెన్సిలు, ఓపిక చాలంటూ పాఠాలు చెప్పడం చరిత్ర చేసిన చమత్కారం.

హాల్డేన్ వాదన సూటిగా ఉండేది. ఐరోపాలో ఉన్న పరికరాలు మన దగ్గర లేవని ఏడుస్తూ కూర్చుంటే పరిశోధన ఎప్పటికీ మొదలవదు. ఐరోపాలో లేనివి మన దగ్గర ఉన్నాయి. ఏడాది పొడవునా పూలు, పురుగులు, పక్షులు, లక్షల రకాల మనుషులు. జంతువును చంపడానికి మనసొప్పని విద్యార్థి జీవశాస్త్రానికి పనికిరాడన్న మాట కూడా ఆయన ఒప్పుకోలేదు. చంపకుండా చూసి, లెక్కపెట్టి, రాసుకుని చేసే జీవశాస్త్రం ఉందన్నారు.

మాటతో ఆగలేదు. సుబోధ్ కుమార్ రాయ్‌కు పారిజాతం పూలు అప్పగించారు. మనం రోజూ ఏరుకుని పూజకు పెట్టే పూలే. అన్నిటికీ ఒకే సంఖ్యలో రేకులుండవు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఒకే చెట్టు పూలలో ఈ తేడా ఎంత, చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎంత? ఒకే జన్యువులున్న చెట్టు తన పూలను ఎంత నిలకడగా తయారుచేసుకోగలదన్న పెద్ద ప్రశ్న ఆ చిన్న లెక్క వెనకాల ఉంది. అదే రాయ్ వేర్వేరు వరి రకాలను కలిపి నాటితే దిగుబడి ఏమవుతుందో కూడా చూశారు. సురేష్ జయకర్ సంస్థ ఆవరణలో నేల మీదే గుడ్లు పెట్టే ఒక లాప్‌వింగ్ పక్షి గూటిని గంటల తరబడి కాపు కాశారు. ఆంటనీ డేవిస్ కొబ్బరి చెట్ల మట్టలు ఎడమకు తిరుగుతున్నాయా కుడికి తిరుగుతున్నాయా అని వేల చెట్లు లెక్కపెట్టారు. ఎడమకు తిరిగేవాటికి కాయలు ఎక్కువని తేల్చారు.

మన పిఠాపురం కుర్రాడూ ఒకడున్నాడు. ద్రోణంరాజు కృష్ణారావు. ఇరవై ఏళ్ల వయసులో హాల్డేన్‌కు ఉత్తరం రాసి శిష్యుడిగా చేరారు. లాంటానా పొదల దగ్గర కూర్చుని ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతోందో గమనించడం ఆయన తొలి పనుల్లో ఒకటి. కొన్ని జాతులు ఒకే రంగును వెతుక్కుంటూ వెళ్తాయి. అంటే ఒకే చోట పెరిగే మొక్కలు కూడా క్రమంగా రెండు జాతులుగా విడిపోయే వీలుంది. ఈ పరిశీలన 1960లో నేచర్ పత్రికలో వచ్చింది. తర్వాత ఆయన ఆంధ్ర కుటుంబాల్లో మగవాళ్ల చెవుల మీద వెంట్రుకల గురించి ఆరా తీశారు. ఆ లక్షణం తండ్రి నుంచి కొడుక్కు వై క్రోమోజోమ్ ద్వారానే వస్తుందని వాదించారు. దశాబ్దాల తర్వాత జరిగిన డీఎన్ఏ పరీక్షలు ఆ వాదనను బలపరచలేదు. పి. మీరా ఖాన్‌తో కలిసి చేసిన మేనరికాల అధ్యయనానికి మాత్రం ఇప్పటికీ విలువ ఉంది. మేనమామ పెళ్లి, మేనకోడలి పెళ్లి మనకు ఇంటి విషయం. దాన్ని అంకెల్లోకి తెచ్చి, పిల్లల ఆరోగ్యంతో పోల్చి చూడవచ్చన్న ఆలోచన అప్పటికి కొత్తదే.

విద్యార్థుల విషయంలో ఆయనకు కోపం త్వరగా వచ్చేది. 1961 జనవరిలో అమెరికా జాతీయ సైన్స్ ఫెయిర్‌లో గెలిచిన ఇద్దరు హైస్కూల్ పిల్లలు కలకత్తా వచ్చారు. అందులో అబ్బాయి పట్టుపురుగుల్లో సంకర జాతులు పుట్టించాడు. వాళ్ల పనిని తన శిష్యులకు వినిపించాలని, విందు ఇవ్వాలని హాల్డేన్ ముచ్చటపడ్డారు. వేరే కార్యక్రమం ఉందని పిల్లలు రాలేమన్నారు. తన రాజకీయాలు నచ్చక అమెరికన్ అధికారులే అడ్డుపడ్డారని ఆయన నమ్మారు. వెంటనే నిరాహార దీక్షకు కూర్చున్నారు. పత్రికలన్నీ రాశాయి. ఆయన అనుమానం అతిశయోక్తే కావచ్చు. కానీ స్కూలు పిల్లల ప్రయోగం గురించి మాట్లాడుకునే అవకాశం పోయిందని అన్నం మానేసిన ప్రపంచ స్థాయి శాస్త్రవేత్త మరొకరు నాకు కనిపించలేదు.

ఆ తర్వాత కొద్ది వారాలకే మహలనోబిస్‌తో కూడా పడలేదు. రాజీనామా చేశారు. కేంద్రం ఇస్తానన్న పరిశోధనా విభాగం ఫైళ్లలో నలుగుతూ ఉండిపోయింది. దేశంలో పరిశోధనను అణచేసేది అధికార యంత్రాంగమేనని ఆయన బాహాటంగా వెక్కిరించేవారు. 1962లో ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పిలవడంతో శిష్యులను వెంటబెట్టుకుని భువనేశ్వర్ వెళ్లి జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టారు. అక్కడ పని ఊపందుకునేలోపే కేన్సర్ బయటపడింది. 1964 మొదట్లో లండన్‌లో ఆపరేషన్ చేయించుకుని, ఆసుపత్రి మంచం మీదే ఆ జబ్బు మీద హాస్య కవిత రాశారు. లక్షణాలు కనిపిస్తే దాచుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లమని జనానికి చెప్పడమే దాని ఉద్దేశం. డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయారు.

శిష్యులు తలో దారి పట్టారు. ద్రోణంరాజు అమెరికా వెళ్లి స్థిరపడి, గురువు జీవితం గురించి పుస్తకాలు రాశారు. హెలెన్ ఇంగ్లండు తిరిగి వెళ్లలేదు. పక్షులు, జంతువుల మీద తన పరిశీలనలు కొనసాగిస్తూ ఈ దేశంలోనే ఉండిపోయి, 1978లో హైదరాబాద్‌లో కన్నుమూశారు.