నీతిగ్రంథమూ, పూసల చట్రమూ
(జపాను వర్తకప్రముఖుడు షిబుసావా ఈయిచీ జీవితము)

ఒక్కొక్క జాతి తన వ్యాపారమును ఒక్కొక్క తీరున నడుపుకొంటుందని ముంబాయిలో స్థిరపడిన మనకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. గాదిమీద కూర్చుండి బహీఖాతా తిప్పే సేటు పేఢీలోను, దొరలనాటి కంపెనీ ఆఫీసులోను, పార్సీల మిల్లులోను పనిచేసిన పెద్దలు మన కుటుంబములలో ఉన్నారు. యజమానికీ పనివానికీ నడుమ నుండే సంబంధము ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా ఉండేదని వారు చెప్పగా విన్నాము. ఈ భేదమంతా జాతి సంస్కృతినుంచే వస్తుందని మనము సులువుగా అనేస్తూ ఉంటాము. ఆ మాటలో నిజమెంతో తెలుసుకొనడానికి షిబుసావా ఈయిచీ జీవితము తోడ్పడుతుందని మాకు తోచి, ఈ ఉగాది సంచికలో దానిని క్లుప్తముగా మనవి చేస్తున్నాము.

ఈయిచీ 1840లో చియరాయిజిమా అనే పల్లెలో జన్మించాడు. అది ఇప్పుడు సైతామా మండలములోని ఫుకాయా పట్టణములో చేరి ఉన్నది. వారిది కలిగిన రైతుకుటుంబము. పట్టుపురుగులు పెంచేవారు, నీలియాకు కొని, ఉండలు చేసి, అద్దకమువారికి అమ్మేవారు. పిల్లవాడు బంధువైన ఓదకా జున్‌చూ వద్ద చైనా మహర్షి కన్‌ఫ్యూషియస్ నీతిసంభాషణలు చదువుకొన్నాడు. పదునాలుగేండ్లు వచ్చేసరికే ఊరూరా తిరిగి ఆకు బేరము చేయడములో ఆరితేరాడు. నీతిగ్రంథమూ, లెక్కలు కట్టే పూసల చట్రమూ ఆ విధముగా చిన్ననాడే ఆయన చేతికి వచ్చాయి. 1862లో ఆయన ఒక చమత్కారమైన పని చేశాడు. సుమో మల్లులకు అంతస్తుల పట్టిక వేసే ఆచారము ఆ దేశములో ఉన్నది. నీలిరైతులకు సరుకు నాణ్యమునుబట్టి అటువంటి పట్టికనే వేసి అచ్చొత్తించాడు. పట్టికలో పైకెక్కవలెనని రైతులు పోటీపడేటట్లు చేయడము ఆయన ఉద్దేశము. జాతి ఆచారము వ్యాపారమునకు ఎలా అక్కరకు వస్తుందో ఆయన ఆనాడే కనిపెట్టాడు.

అయితే ఆ కాలపు జపానులో కత్తి పట్టిన సమురాయి అందరికంటె పైన, వర్తకుడు అందరికంటె క్రింద. పదిహేడేండ్ల వయస్సులో, తండ్రికి బదులుగా అధికారి ఎదుటికి వెళ్ళిన ఈయిచీని, ప్రభువు కోరిన సొమ్ము అప్పటికప్పుడు ఒప్పుకోలేదని ఆ అధికారి తూలనాడాడు. ఆ అవమానము ఆయన మనస్సులో నాటుకొన్నది. 1863లో కొందరు మిత్రులతో కూడి తకసాకి కోటను పట్టుకొని, విదేశీయులుండే యొకొహామాను తగులబెట్టడానికి పన్నాగము పన్ని, అది వ్యర్థసాహసమని తెలిసి మానుకొన్నాడు. పిమ్మట క్యోటో చేరి, తరువాత చివరి షోగున్ అయిన యొషినొబు కొలువులో ప్రవేశించాడు.

1867లో ఆయన జీవితము మలుపు తిరిగింది. పారిసులో జరిగే ప్రపంచప్రదర్శనమునకు షోగున్ తన తమ్ముని పంపుతూ, వెంట ఈయిచీని కూడ పంపాడు. విదేశీయులను తరిమివేయబోయినవాడు విదేశమునకే విద్యార్థియై వెళ్ళాడన్నమాట! అక్కడ సైనికాధికారీ, బ్యాంకి యజమానీ సమానులై మాటలాడుకొనడము చూచి ఆశ్చర్యపోయాడు. బెల్జియము రాజు తమ దేశపు ఇనుము కొనవలసిందని స్వయముగా సిఫారసు చేయడము మరింత వింతగా తోచింది. ఎందరివో చిన్న సొమ్ములు ఒకచోట చేరి రైలుమార్గములుగా మారే కంపెనీ పద్ధతిని శ్రద్ధగా గ్రహించాడు.

1868లో ప్రభుత్వము మారింది, స్వదేశమునకు తిరిగివచ్చాడు. 1869లో ఆర్థికశాఖలో చేరి పెద్ద ఉద్యోగము చేసి, 1873లో దానికి స్వస్తి చెప్పి వర్తకములో దిగాడు. అధికారము గల కొలువు విడిచి, లోకము చిన్నచూపు చూచే వృత్తిలోకి పోవడము ఆనాడు సామాన్యవిషయము కాదు. ఆ సంవత్సరమే జపానులో మొదటి జాతీయ బ్యాంకి ఆయన పూనికతో వెలసింది. కాగితపు మిల్లు, నూలు మిల్లు, గ్యాసు కంపెనీ, హోటలు, ఇలా ఇంచుమించు 500 కంపెనీలతో ఆయనకు సంబంధమున్నది. వాటన్నింటినీ తన ఇంటి ఆస్తిగా చేసుకోలేదు. పదిమంది మూలధనము, పదిమంది పెత్తనము అనేది ఆయన సిద్ధాంతము.

ఇక్కడొక విశేషము గమనించాలి. ఆ దేశమువాడే, ఆ కాలమువాడే అయిన ఇవాసాకి యతారో మిత్సుబిషి సంస్థను పూర్తిగా తన ఒక్కని ఆజ్ఞపై నడిపాడు. ఆయన ఒకసారి షిబుసావాను విందుకు పిలిచి, ఇద్దరమూ చేతులు కలుపుదామని కోరగా, షిబుసావా ఒప్పుకోక లేచివచ్చాడు. ఒకే సంస్కృతిలోనుంచి రెండు విరుద్ధమైన పద్ధతులు పుట్టాయి! కన్‌ఫ్యూషియస్ బోధ ధనార్జనకు వ్యతిరేకమని పండితులు చెబుతూ వచ్చారు. న్యాయముగా వచ్చిన ధనమును ఆ మహర్షి కాదనలేదని షిబుసావా ఆ గ్రంథమునుంచే వాదించాడు. నీతిసంభాషణలను, పూసల చట్రమును జతచేసిన పేరుతోనే ఆయన ఉపన్యాసముల సంపుటి 1916లో వెలువడింది.

మన ముంబాయికి కూడ ఈ కథతో బంధుత్వమున్నది. ఆయన పూనికతో ఒసాకాలో నెలకొన్న నూలు మిల్లు 1883లో 10,500 కదుళ్ళతో పని ప్రారంభించింది. దానివంటి మిల్లులకు మన దేశపు ప్రత్తి కావలసివచ్చింది. ఓడకిరాయి ఆంగ్లేయ కంపెనీల గుప్పిటలో ఉండేది. 1893లో జంషెడ్జీ టాటా జపాను వెళ్ళి షిబుసావా ప్రభృతులతో సంప్రదించగా, ఆ సంవత్సరమే ముంబాయికి జపాను ఓడలు నడవసాగాయి. మన ప్రత్తితో వడికిన ఆ నూలే తరువాత చైనా బజారులో ముంబాయి నూలుకు గట్టి పోటీ అయింది.

ఆ నూలు వడికినవారెవరు? పల్లెలనుంచి ఒడంబడికపై వచ్చిన పేదింటి ఆడపిల్లలు. విద్యుద్దీపముల వెలుగులో రాత్రిపాళీలు చేసేవారు. తాళలేక పారిపోయేవారు అనేకులు. కార్మికరక్షణకు చట్టము కావలెనన్న చర్చ 1896లో వచ్చినప్పుడు షిబుసావా వ్యతిరేకించాడు. యజమానీ, పనివాడూ ఒక కుటుంబమువలె ఉండే దేశములో చట్టము ఎందుకని మిల్లు యజమానులు వాదించేవారు. సంస్కృతి పేరు చెప్పి న్యాయమును వాయిదా వేయడమంటే ఇదే. చట్టము 1911లో వచ్చింది; అమలు జరిగింది 1916లో. అప్పటికి షిబుసావా అభిప్రాయము మారింది. 1919లో యజమానులకూ కార్మికులకూ సామరస్యము కుదిర్చే సంఘమునకు ఆయన ఉపాధ్యక్షుడైనాడు. నేడు జపానుకు సహజగుణమని చెప్పుకొనే జీవితకాలపు ఉద్యోగపద్ధతి పూర్వాచారము కాదు; పనివారు నిలవక యజమానులు పడిన చిక్కులనుంచి, కార్మికుల పోరాటములనుంచి క్రమముగా రూపొందినది.

ఆయన ఖాతాలో జమ కూడ చాలా ఉన్నది. టోకియోలోని అనాథశరణాలయమును 1870ల నుంచి మరణించేవరకు విడువక నడిపాడు. ఖర్చు వైపు మరొకటి వ్రాయక తప్పదు. ఆయన బ్యాంకి 1902లో కొరియాలో ఆయన బొమ్మతోనే నోట్లు చెలామణి చేసింది. ఆ దేశమువారు దానిని మరువలేదు. 1931 నవంబరు 11న, 91 ఏండ్ల వయస్సులో ఆయన పరమపదించాడు. 2024లో జపాను ప్రభుత్వము పదివేల యెన్‌ల నోటుపై ఆయన బొమ్మ వేసినప్పుడు కొరియాలో నిరసన వినవచ్చింది.

సంస్కృతి వ్యాపారమునకు భాషనిస్తుంది. కాని ఆ భాషలో ఏమి పలకాలో నిర్ణయించేది మనుష్యులే. కుటుంబమువంటిదన్న మాటతోనే ఒకడు పనివానిని ఆదుకోవచ్చు, ఒకడు వాని నోరు నొక్కవచ్చు. మనవారు కొందరు చేతిమగ్గముల సరంజాముతో, కొందరు వట్టి చేతులతో ఈ నగరము చేరారు. నేడు మన పిల్లలలో యజమానులూ ఉన్నారు, ఉద్యోగులూ ఉన్నారు. మనవాడని పిలిచి పనిలో పెట్టుకొన్నప్పుడు, ఆ మాట జీతము తగ్గించడానికి కాక, కష్టకాలములో నిలబడడానికే వాడుకొందుము గాక! నూతన సంవత్సరములో చదువరులందరికీ శుభము కలుగవలెనని కోరుతున్నాము.