యల్లాప్రగడ సుబ్బారావు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములు 2016 వరకు కరీంనగరము జిల్లాలోనివి. ఈ ప్రాంతమును బోదకాలు వ్యాధి చిరకాలము పీడించినది. కాలు ఉబ్బిన నేతకాడు మగ్గము త్రొక్కజాలడు. త్రొక్కనిచో ఇల్లు గడవదు. ఆ వ్యాధి నరికట్టుటకై ఇంటింట పంచిన మాత్ర వెనుక నొక తెలుగువాని కృషి కలదని పలువు రెరుగరు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున పేద కుటుంబములో జన్మించిరి. చెన్నపురి వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియగుటచే, వారికి తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కెను. సోదరు లిరువురు స్ప్రూ అను అతిసార రోగమునకు బలియైరి. ఆ దుఃఖము వారిని విడువలేదు. పిదప అమెరికాలోని హార్వర్డు చేరి, ఫిస్కె అను ఆచార్యునితో కలిసి కండరములకు శక్తినిచ్చు పదార్థములను గుర్తించిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమునకు మారిరి.

బాలలారా! మన రక్తములోని తెల్లకణము లన్నియు ఒకే తీరువి కావు. న్యూట్రోఫిలులు గాయముకడకు ముందుగా చేరి సూక్ష్మజీవులను మ్రింగును, కొద్దికాలములోనే నశించును. లింఫోసైటులు మెల్లగా కదలును గాని, ఒకసారి ఎదుర్కొన్న శత్రువును మరువవు. వానిలో కొన్ని ప్రతిరక్షకములను తయారుచేయును. బోదకాలు పురుగువంటివి మ్రింగుటకు మిక్కిలి పెద్దవి. వానిపై ఇయోసినోఫిలులు విషద్రవ్యములను క్రుమ్మరించును. ఈ కణములు ఎముకల మూలుగలో వృద్ధియగుటకు ఫోలికామ్లము కావలెను.

ఆ ఫోలికామ్లమునే 1945లో సుబ్బారావుగారి బృందము కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగులకు కలుగు రక్తహీనతకు అది మందయ్యెను. తమ్ములకును అన్నలకును దొరకని ఔషధ మది!

లుకేమియాలో పక్వము గాని తెల్లకణములు కలుపువలె పెరుగును. ఎన్ని యున్నను రోగముతో పోరజాలవు. ఫోలికామ్లమును పోలియుండి, దాని పని నడ్డగించు అమినోప్టెరిన్‌ను వారి బృందము రూపొందించెను. బోస్టనులో ఫార్బరు అను వైద్యుడు దానిని 16 మంది బాలలకు ఇచ్చి చూడగా 10 మందికి నెమ్మదించెను. ఆ మేలు తాత్కాలికమే. అయినను అంతకుముందు ఆ తల్లిదండ్రులకు ఆ కొద్ది నెలల ఆశయు లేదు. దాని జ్ఞాతియగు మెథోట్రెక్సేటును వైద్యులు నేటికిని వాడుచున్నారు.

బోదకాలు మందగు డైఇథైల్ కార్బమజైన్ 1947లో వెలువడెను. అది రక్తములోని పిల్లపురుగులను దేహరక్షణ కణముల తోడ్పాటుతో నశింపజేయును. ముదిరిన వాపును మాత్రము తీసివేయజాలదు.

1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. అమెరికా వెళ్లిన పిదప వారు స్వదేశమునకు మరల రానేలేదు.