ఆకాశాన్ని చదివిన నరసింగరావు

నెలవంక కోసం రాజాంలో మనమంతా డాబాలు ఎక్కుతాం. పండుగ ముగియగానే ఆకాశాన్ని మరచిపోతాం. దాన్ని మరువని ఒక వ్యక్తి మన ఉత్తరాంధ్రలోనే జీవించారు. ఆయనే అంకితం వెంకట నరసింగరావు (1827-1892).

ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. 1856లో జగ్గారావు మరణించారు. అప్పటికి నరసింగరావు డిప్యూటీ కలెక్టరు. ఆయన ఆ ఉద్యోగం వదులుకొని ఎస్టేటుతో పాటు వేధశాల బాధ్యతనూ స్వీకరించారు.

1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా చిన్న నల్లచుక్కలా సాగింది. అలాంటి దృశ్యం చాలా అరుదు. 2012 తర్వాత మళ్ళీ 2117లోనే కనిపిస్తుంది. నరసింగరావు ఆ ఘట్టాన్ని వేళతో సహా నమోదు చేసి లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. భూమికీ సూర్యునికీ మధ్య దూరాన్ని లెక్కించడానికి ఆనాటి శాస్త్రవేత్తలకు కావలసినవి అలాంటి నమోదులే.

పాఠకులారా! చూడటం అందరూ చేసేదే, చూసింది రాసిపెట్టడమే ఆయన గొప్పతనం. డిసెంబరు, జనవరి మాసాల్లో రాత్రి తొలిజామున తూర్పున గొల్లకావడిని, దానికి పైగా పిల్లలకోడిని చూడండి. దుర్భిణి అక్కరలేదు. తేదీ, వేళ, దిక్కు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం చాలు. మన పిల్లలకు ఈ అలవాటు నేర్పుదాం.