ఆలన్ ట్యూరింగు

ఆలన్ ట్యూరింగు 1912 జూన్ 23వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆతని తండ్రి జూలియస్ మద్రాసు రాజధానిలో సివిల్ సర్వీసు ఉద్యోగి. బళ్లారి, కర్నూలు, బెజవాడ మున్నగు తావులలో పనిచేసెను. తలిదండ్రులు మన దేశమున నుండగా, బాలుడు అన్నతోగూడ ఇంగ్లండులో ఒక విశ్రాంత సైనికోద్యోగి యింట పెరిగెను.

పాఠశాలలో క్రిస్టఫర్ మోర్కమ్ ఆతనికి ప్రాణమిత్రుడు. 1930లో ఆ మిత్రుడు క్షయవ్యాధిచే మరణించెను. మనస్సనగా నేమి, అది దేహమందెట్లు పనిచేయును అను ప్రశ్నలు నాటినుండి ట్యూరింగును వీడలేదు.

కేంబ్రిడ్జిలో గణితమభ్యసించి, 1936లో ఆతడొక వ్యాసము వ్రాసెను. అందొక ఊహాయంత్రమును వర్ణించెను. గళ్లుగళ్లుగా విభజింపబడిన పొడవైన పట్టీపై నున్న గుర్తులను ఆ యంత్రము ఒక్కొక్కటిగా చదువును. నియమములను బట్టి చెరపును, వ్రాయును, ముందువెనుకలకు కదలును. ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్రము కావలెను గదా! కాని యే యంత్రముయొక్క నియమములనైనను పట్టీపై వ్రాసి యిచ్చినచో, వానిని చదివి ఆ యంత్రమువలెనే ప్రవర్తింపగల సార్వత్రిక యంత్రమొకటి చాలునని ఆతడు నిరూపించెను. పూర్వము పెదపారుపూడి వంటి పల్లెలకు వచ్చు పగటివేషగాడు ఒకనాడు శివుడు, మరునాడు సోమయాజి. మనిషి ఒక్కడే, వేషములు పెక్కు. ఈ యంత్రమును అట్టిదే.

రెండవ ప్రపంచయుద్ధమున ట్యూరింగు బ్లెచ్లీ పార్కులో చేరి, జర్మనుల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించు యంత్రమును రూపొందించెను. యుద్ధానంతరము గణనయంత్ర నిర్మాణమునకు పూనుకొని, 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున చేరెను.

1952లో, ఒక పురుషుని ప్రేమించినందులకు, ఆనాటి ఆంగ్లశాసనము ఆతనిని దోషిగా నెంచెను. కారాగారము తప్పుటకు దేహమును క్రుంగదీయు ఔషధములను పుచ్చుకొనవలసివచ్చెను. యుద్ధకాలమున ఆతడు చేసిన మేలు రహస్యమగుటచే ప్రజలెరుగరు. 1954 జూన్ 7న, 41 ఏండ్ల ప్రాయమున, విషప్రభావముచే ఆతడు మరణించెను. బ్రిటిషు ప్రభుత్వము 2009లో క్షమాపణ చెప్పుకొనెను. 2013లో రాణి ఆతని నేరమును మన్నించెను.

ఆతని భావము మాత్రము నశింపలేదు. 1972లో ఐబీఎమ్ సంస్థ వీఎమ్/370 అను ఏర్పాటును ప్రకటించెను. దానిచే ఒకే పెద్ద కంప్యూటరు అనేక కంప్యూటరులుగా భాసించును. ప్రతివాడును తనకొక పూర్తి యంత్రము కలదని తలచి పనిచేసికొనును. ఒకరి పొరపాటు వేరొకరి పనిని చెరుపదు. ఇట్టివానిని వర్చువల్ మెషీనులందురు. నేడు దూరమందలి యంత్రశాలలలో ఇట్టివి అసంఖ్యాకముగా పనిచేయుచున్నవి. వాని కన్నిటికిని మూలము ఆ సార్వత్రిక యంత్రమే. తనకు మేలుచేసినవానిని గుర్తించుటకు ఆ దేశమునకు 57 ఏండ్లు పట్టుట మనము మరువరాదు.