యలవర్తి నాయుడమ్మ

యలవర్తి నాయుడమ్మ (సెప్టెంబరు 10, 1922 - జూన్ 23, 1985) ప్రముఖ చర్మ సాంకేతిక శాస్త్రవేత్త. ఆయన గుంటూరు జిల్లా యలవర్రు గ్రామంలో జన్మించాడు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలోను చదివి, 1958లో మద్రాసులోని కేంద్రీయ తోళ్ళ పరిశోధనా సంస్థకు డైరెక్టరు అయ్యాడు.

పచ్చి తోలులోని కొల్లాజెన్ సహజమైన పాలిమర్. పదును చేసేటపుడు కలిపే క్రోమియం లవణాలు దాని గొలుసులను బంధించి, తోలును కుళ్ళకుండా కాపాడుతాయి. తరువాత పట్టించే నూనెలు, ప్లాస్టిక్‌లో ప్లాస్టిసైజర్ల వలె, మెత్తదనాన్ని ఇస్తాయి. నాయుడమ్మ పరిశోధనలు ఈ రసాయన శాస్త్రంపైనే సాగాయి. ఆ పరిజ్ఞానం ప్రయోగశాల దాటి గ్రామీణ శ్రామికులకు అందాలన్నది ఆయన ఆశయం. 1971లో పద్మశ్రీ పొందాడు. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి డైరెక్టర్ జనరల్‌గా కరీంనగర్ జిల్లాలో గ్రామీణాభివృద్ధికి విజ్ఞానశాస్త్రాన్ని వినియోగించే పథకం చేపట్టాడు.

1985లో అట్లాంటిక్ సముద్రంపై జరిగిన కనిష్క విమాన విస్ఫోటనంలో మరణించాడు.